గో ప్రోగ్రామింగ్ భాష: వాడుక ముందు, వ్యాకరణం తర్వాత

గో గూగుల్ సంస్థలో పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. రాబర్ట్ గ్రీస్మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ 2007 సెప్టెంబరులో దీని రూపకల్పనకు పూనుకున్నారు. 2009 నవంబరు 10న సోర్స్ కోడ్‌తో సహా దాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. మొదటి స్థిరమైన వెర్షన్ గో 1, 2012 మార్చి 28న వెలువడింది. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన పెద్ద సర్వర్ ప్రోగ్రాములు కంపైల్ అయ్యేదాకా చాలాసేపు కాచుకోవాల్సి రావడం, యంత్రాల్లో పెరుగుతున్న ప్రాసెసర్ కోర్లను పూర్తిగా వాడుకోలేకపోవడం, వందలమంది కలిసి రాసిన కోడ్ కొత్తవారికి అంతుపట్టకపోవడం దాని పుట్టుకకు కారణాలు. అందుకే భాషను చిన్నదిగా ఉంచారు. అందులోని కీవర్డ్‌లు 25 మాత్రమే. డాకర్, కుబర్నెటీస్, ప్రొమీథియస్, టెర్రాఫార్మ్ వంటి క్లౌడ్ యుగపు పనిముట్లు గోలోనే రాశారు. మైక్రోసాఫ్ట్‌కు చెందిన టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌ను గోలోకి మారుస్తున్నామని, దాని వేగం సుమారు 10 రెట్లు పెరుగుతోందని ఆ భాష రూపకర్త ఆండర్స్ హైల్స్‌బర్గ్ 2025 మార్చిలో ప్రకటించారు.

గో గురించి రాసేటప్పుడు మెలకువలను ఒక చోట, కొత్త వెర్షన్లలో వచ్చిన సదుపాయాలను మరో చోట చెప్పడం పరిపాటి. అలా విడదీస్తే అసలు సంగతి చేజారిపోతుంది. 2012 తర్వాత గోలో చేరిన ముఖ్యమైన సదుపాయాల్లో చాలావరకు మొదట ప్రోగ్రామర్ల చేతిలో ఒక మెలకువగానో, బయటివారు రాసిన లైబ్రరీగానో, విసుగు పుట్టించినా తప్పని అలవాటుగానో ఏళ్ల తరబడి నలిగినవే. అలా నలిగి, నిగ్గు తేలాకే అవి భాషలోకి, ప్రామాణిక లైబ్రరీలోకి వచ్చాయి. వాడుక ముందు, వ్యాకరణం తర్వాత అన్న ఈ క్రమమే గో ఎదుగుదలకు మూలసూత్రం. ఈ పద్ధతి మొత్తం మీద మంచిదేనని, అయితే దానికి గట్టి ధరే చెల్లించాల్సి వచ్చిందని, దాని చూపుకు అందని చోటు కూడా ఒకటుందని ఈ వ్యాసం చెబుతుంది.

పాత ప్రోగ్రాము చెడకూడదన్న మాట

ఈ క్రమం ఊరికే ఏర్పడలేదు. గో 1 విడుదలైనప్పుడే రూపకర్తలు ఒక హామీ ఇచ్చారు: గో 1కు రాసిన ప్రోగ్రాము ఆ తర్వాత వచ్చే గో 1 వెర్షన్లన్నింటిలోనూ మార్పులు లేకుండా కంపైలై నడవాలి. భద్రతా లోపాలను సరిచేయడం వంటి కొన్ని మినహాయింపులు పక్కన పెడితే ఆ మాటను ఇప్పటిదాకా నిలబెట్టుకున్నారు. పాత ప్రోగ్రాములను చెడగొట్టే గో 2 ఎప్పటికీ రాదని అప్పటి సాంకేతిక నాయకుడు రస్ కాక్స్ 2023 ఆగస్టులో తేల్చి చెప్పారు. ఈ హామీ విలువ పైథాన్ చరిత్ర పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పైథాన్ 3 2008లో వచ్చింది. పాత పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1 దాకా కొనసాగించాల్సి వచ్చింది. అంటే పదకొండేళ్లపాటు ఒకే పేరుతో రెండు భాషలు నడిచాయి.

ఒకసారి చేర్చినదాన్ని మళ్లీ తీసేయలేమని తెలిసినప్పుడు, చేర్చేముందు ఎవరైనా వందసార్లు ఆలోచిస్తారు. గోలో కొత్త వెర్షన్ సాధారణంగా ఏటా ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి వస్తుంది. అంత క్రమం తప్పకుండా వెర్షన్లు వస్తున్నా భాష వ్యాకరణం మారిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చేర్చాలనుకున్న దాన్ని కూడా ముందు ప్రయోగదశలో వదులుతారు. ఒక్కో లూప్ చుట్టుకు ఒక్కో వేరియబుల్ అన్న మార్పు గో 1.21లో ప్రయోగంగా వచ్చి 1.22లో స్థిరపడింది. ఫంక్షన్ల మీద లూప్ నడిపే సదుపాయం 1.22లో ప్రయోగమై 1.23లో భాషలో భాగమైంది. జేసన్ ప్యాకేజీకి రెండో రూపం 1.25లో ప్రయోగంగానే ఉంది. హామీ అన్నది ఇక్కడ మర్యాద మాట కాదు. భాష ఎలా ఎదగాలో నిర్ణయించిన షరతు.

ఎర్రర్లు: గొలుసు కట్టడం

గోలో ఎక్సెప్షన్లు విసిరే పద్ధతి మామూలు వాడుకలో లేదు. విఫలం కాగల ఫంక్షన్ తన ఫలితంతోపాటు ఒక ఎర్రర్ విలువను కూడా తిరిగి ఇస్తుంది; పిలిచినవారు అది శూన్యమా కాదా అని చూడాలి. ఈ పద్ధతిలో విఫలమయ్యే ప్రతి చోటూ కోడ్‌లో కంటికి కనబడుతుంది. కానీ మొదటి ఏళ్లలో ఒక ఇబ్బంది ఎదురైంది. పది మెట్ల కింద ఉన్న ఫంక్షన్ "ఫైలు దొరకలేదు" అని చెబితే, పైకి వచ్చేసరికి ఏ పనిలో ఏ ఫైలు దొరకలేదో తెలిసేది కాదు. దానికి వివరం జోడించి కొత్త ఎర్రర్ తయారుచేస్తే, అసలు ఎర్రర్ ఏమిటో ప్రోగ్రాము గుర్తుపట్టలేకపోయేది. ఈ చిక్కుకు డేవ్ చేనీ రాసిన ఎర్రర్స్ ప్యాకేజీ ఒక దారి చూపింది: అసలు ఎర్రర్‌ను లోపలే ఉంచి, పైన వివరం చుట్టడం. ఆ ప్యాకేజీ వేల ప్రాజెక్టుల్లోకి పాకింది. 2019 సెప్టెంబరులో వచ్చిన గో 1.13 అదే ఆలోచనను ప్రామాణిక లైబ్రరీలోకి తెచ్చింది. ఎర్రర్ల గొలుసులో ఫలానా ఎర్రర్ ఉందా అని అడగడానికి ఈజ్, ఫలానా రకం ఎర్రర్‌ను బయటికి తీయడానికి యాజ్ అన్న ఫంక్షన్లు అప్పుడే వచ్చాయి. ఒకేసారి తలెత్తిన అనేక ఎర్రర్లను కలిపే జాయిన్ ఫంక్షన్ 2023 ఫిబ్రవరిలో 1.20తో తోడైంది.

దీన్నుంచి పనికొచ్చే మెలకువలు రెండు. మొదటిది: ప్రతి మెట్టులోనూ ఎర్రర్‌ను యథాతథంగా పైకి పంపకుండా, అక్కడ ఏ పని జరుగుతోందో నాలుగు మాటలు జోడించాలి, కానీ "విఫలమైంది" అన్న మాటను మెట్టు మెట్టుకూ తిరగరాయకూడదు, గొలుసంతా ఒకే వాక్యంలా చదువుకునేలా ఉండాలి. లాగ్‌లో రాయడమో, పైకి పంపడమో రెంటిలో ఒక్కటే చేయాలి. రెండూ చేస్తే ఒకే వైఫల్యం లాగ్‌లో పదిసార్లు కనిపించి చదివేవారిని తికమక పెడుతుంది. రెండోది, కొత్తవారు తరచూ జారిపడే చోటు. గోలో ఇంటర్‌ఫేస్ విలువలో రకం, విలువ అని రెండు భాగాలుంటాయి. సొంతంగా తయారుచేసుకున్న ఎర్రర్ రకానికి చెందిన శూన్య పాయింటర్‌ను ఎర్రర్ ఇంటర్‌ఫేస్‌గా తిరిగి ఇస్తే, విలువ శూన్యమే అయినా రకం నిండి ఉంటుంది, కాబట్టి "శూన్యమా?" అన్న పరీక్షకు కాదన్న జవాబు వస్తుంది. పని సక్రమంగా జరిగినా ప్రోగ్రాము విఫలమైనట్టు ప్రవర్తిస్తుంది. ఫంక్షన్ తిరిగి ఇచ్చే రకాన్ని ఎప్పుడూ మామూలు ఎర్రర్ ఇంటర్‌ఫేస్‌గానే ప్రకటించి, విజయం సాధించిన చోట నేరుగా శూన్యాన్నే తిరిగి ఇస్తే ఈ గొడవ ఉండదు.

గోరూటీన్లు: మొదలుపెట్టినవారే ముగించాలి

గోకు పేరు తెచ్చినది గోరూటీన్. ఫంక్షన్ పిలుపు ముందు ఒక కీవర్డ్ పెడితే చాలు, అది విడిగా నడుస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌కు పెద్ద స్టాక్ కేటాయించాల్సి వస్తే, గోరూటీన్ 2 కిలోబైట్ల స్టాక్‌తో మొదలై అవసరాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ఒక్క ప్రోగ్రాములో లక్ష గోరూటీన్లు నడపడం అసాధారణమేమీ కాదు. వాటి మధ్య సమాచారం చేరవేసే చానెళ్ల వెనుక టోనీ హోర్ 1978లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఉంది. మొదలుపెట్టడం ఇంత తేలిక కావడం వల్లే ముగించడాన్ని మరిచిపోవడమూ తేలికైంది. ఒక ఫంక్షన్ బయటి సేవను అడగడానికి గోరూటీన్‌ను పంపి, జవాబు కోసం చానెల్ దగ్గర రెండు సెకన్లు కాచుకుని, రాకపోతే వెనుదిరిగిందనుకుందాం. మూడో సెకనులో జవాబు వస్తుంది, గోరూటీన్ దాన్ని చానెల్‌లో పెట్టబోతుంది, అందుకునేవారు లేరు. బఫర్ లేని చానెల్ కనుక అది అక్కడే ఆగిపోతుంది, ప్రోగ్రాము బతికున్నంత కాలం మెమరీని పట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి అభ్యర్థనలు రోజుకు లక్షల్లో వచ్చే సర్వర్‌లో మెమరీ మెల్లగా నిండిపోయి, కారణం అంతుపట్టదు. ఆ చానెల్‌కు ఒక్క విలువ పట్టే బఫర్ ఇస్తే గోరూటీన్ జవాబును అందులో వదిలి వెళ్లిపోతుంది.

ఇంతకంటే శాశ్వతమైన పరిష్కారం, పని ఇక అక్కర్లేదన్న కబురును లోపలిదాకా చేరవేయడం. గూగుల్‌లో ఇందుకోసం రాసుకున్న కాంటెక్స్ట్ ప్యాకేజీని 2014లో బయటి లైబ్రరీగా అందరికీ ఇచ్చారు. రెండేళ్ల వాడుక తర్వాత 2016 ఆగస్టులో గో 1.7తో అది ప్రామాణిక లైబ్రరీలో చేరింది. ఇప్పుడు నెట్‌వర్క్‌నో డేటాబేస్‌నో తాకే ప్రతి ఫంక్షన్‌కూ మొదటి పారామీటర్‌గా కాంటెక్స్ట్ ఇవ్వడం సర్వసాధారణమైన కట్టుబాటు. దాన్ని స్ట్రక్ట్‌లో దాచకూడదు, ఐచ్ఛికమైన పారామీటర్లను చేరవేసే సంచిలా వాడకూడదు, గడువు పెట్టి తెరిచిన దాన్ని రద్దుచేసే ఫంక్షన్‌ను డిఫర్‌తో తప్పనిసరిగా పిలవాలి. ఇదే బాటలో, గోరూటీన్లన్నీ ముగిసేదాకా కాచుకోవడానికి వాడే వెయిట్‌గ్రూప్ కూడా నడిచింది. లెక్కలో ఒకటి కలిపి, గోరూటీన్ తెరిచి, చివర ఒకటి తీసివేయడం అన్న మూడు అడుగుల్లో ఏదో ఒకటి తప్పడం దశాబ్దానికి పైగా అందరికీ అనుభవమే. 2025 ఆగస్టులో వచ్చిన గో 1.25 ఆ మూడింటినీ గో అన్న ఒకే మెథడ్‌లో ఇమిడ్చింది. సమయంతో ముడిపడిన కోడ్‌ను పరీక్షించడానికి టెస్టుల్లో నిద్రపుచ్చే పిలుపులు పెట్టుకునే అలవాటుకు సింక్‌టెస్ట్ ప్యాకేజీ స్వస్తి పలికింది. అందులో గడియారం కృత్రిమమైనది. గోరూటీన్లన్నీ ఆగి ఉన్నప్పుడు అదే ముందుకు దూకుతుంది కాబట్టి గంట గడువును పరీక్షించడానికి గంట అక్కర్లేదు. ఇది కూడా 1.24లో ప్రయోగంగా వచ్చి, వాడినవారి సూచనలతో రూపం మార్చుకుని 1.25లో స్థిరపడింది.

లూప్ వేరియబుల్: ఆలస్యానికి కట్టిన మూల్యం

ఈ పద్ధతి బలం, బలహీనత ఒకే చోట కనిపించే ఉదాహరణ లూప్ వేరియబుల్. గో 1.21 దాకా ఫర్ లూప్‌లో ప్రకటించిన వేరియబుల్ లూప్ మొత్తానికీ ఒక్కటే. ప్రతి చుట్టులోనూ దానిలోకి కొత్త విలువ వచ్చి చేరేది. లూప్ లోపల దాని చిరునామా దాచుకున్నా, దాన్ని వాడే గోరూటీన్‌ను తెరిచినా, లూప్ ముగిసేసరికి అన్నీ చివరి విలువనే చూసేవి. దీన్ని తప్పించుకోవడానికి లూప్ మొదటి వరసలో ఆ వేరియబుల్‌ను అదే పేరుతో మళ్లీ ప్రకటించి నకలు తీసుకోవడం గో ప్రోగ్రామర్లకు అలవాటైంది. ఆ వరస ఎందుకుందో తెలియనివారు అనవసరమనుకుని తీసేసేవారు. ఈ తప్పు ఎంత దూరం వెళ్లగలదో 2020లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థకు ఎదురైన సంఘటన చూపింది. ఉచితంగా వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే ఆ సంస్థ, జారీ చేసేముందు ఒక్కో డొమైన్ యజమాని అనుమతి నియమాలను తిరిగి సరిచూడాలి. కానీ సర్టిఫికెట్‌లో అనేక డొమైన్లున్నప్పుడు, లూప్ వేరియబుల్ చిరునామాను దాచుకోవడం వల్ల, వేర్వేరు డొమైన్లను సరిచూడాల్సిన కోడ్ ఒకే డొమైన్‌ను అన్నిసార్లు సరిచూసింది. ఆ లోపం 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లను తాకింది. వాటిని రద్దుచేయడానికి సంస్థ హడావుడిగా పూనుకోవాల్సి వచ్చింది.

గో 1.22 ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్‌ను ఇచ్చి ఈ మూలాన్నే తీసేసింది. మరి పాత ప్రోగ్రాముల అర్థం మారకూడదన్న హామీ ఏమైంది? సమాధానం గో.మాడ్ ఫైలులో ఉంది. ప్రతి మాడ్యూల్ తాను ఏ గో వెర్షన్‌కు రాశారో ఆ ఫైలులో ఒక వరసలో చెబుతుంది. అక్కడ 1.22 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉంటేనే కొత్త అర్థం వర్తిస్తుంది. పాత మాడ్యూల్‌ను కొత్త కంపైలర్‌తో కంపైల్ చేసినా అది పాత తీరులోనే నడుస్తుంది. విడుదలకు ముందు, 2023 మే నుంచి గూగుల్ తన గో ప్రోగ్రాములన్నింటినీ కొత్త అర్థంతోనే నిర్మించి నడిపింది. నాలుగు నెలల్లో, నడుస్తున్న సేవల్లో ఒక్క సమస్య కూడా నమోదు కాలేదు. తప్పు ఉందని అందరికీ తెలిసినా దిద్దడానికి గో 1 తర్వాత పన్నెండేళ్లు పట్టడం నిజంగా పెద్ద ఆలస్యం. కానీ దిద్దిన తీరు పాత ప్రోగ్రాములను విరగగొట్టలేదు. ఆ ఆలస్యంలోనే గో.మాడ్ అన్న సాధనం పుట్టి, ఆ మార్పును సాధ్యం చేసింది.

జెనెరిక్స్, ఇటరేటర్లు

రకాన్ని పారామీటర్‌గా తీసుకునే ఫంక్షన్లు రాసే జెనెరిక్స్ సదుపాయం లేదన్నది గో మీద మొదటినుంచీ ఉన్న ఫిర్యాదు. ఇయాన్ లాన్స్ టేలర్ 2010 నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా నమూనాలు రాసి, వాటి లోపాలను తానే ఎత్తిచూపుతూ వచ్చారు. 2018 నాటి కాంట్రాక్ట్స్ నమూనాను పక్కన పెట్టారు. ఫిలిప్ వాడ్లర్ వంటి భాషా సిద్ధాంతవేత్తల తోడ్పాటుతో 2020లో మెరుగుపడిన నమూనా చివరికి 2022 మార్చిలో గో 1.18తో భాషలోకి వచ్చింది. అప్పటిదాకా ప్రోగ్రామర్లు మూడు దారులు తొక్కారు: రకానికొకటి చొప్పున కోడ్ నకలు రాయడం, ఏ రకాన్నైనా పట్టే ఖాళీ ఇంటర్‌ఫేస్ వాడి రకాల పరీక్షను నడిచే సమయానికి వాయిదా వేయడం, కోడ్ జనరేటర్లు నడపడం. ఏ పనికి జెనెరిక్స్ కావాలో, దేనికి అక్కర్లేదో ఆ అనుభవమే తేల్చింది. స్లైస్‌లు, మ్యాప్‌లు, చానెళ్ల మీద పనిచేసే సాధారణ ఫంక్షన్లకు, ట్రీలు, క్యూల వంటి నిర్మాణాలకు జెనెరిక్స్ సరిగ్గా సరిపోతాయి. ఒక మెథడ్‌ను పిలవడం మాత్రమే అవసరమైన చోట మామూలు ఇంటర్‌ఫేస్ చాలు. అక్కడ రకం పారామీటర్ చదివేవారికి భారమే.

జెనెరిక్స్ వచ్చిన వెంటనే లైబ్రరీ అంతా మార్చేయలేదు. స్లైసెస్, మ్యాప్స్ ప్యాకేజీలను ముందు బయట ప్రయోగశాఖలో ఉంచి, 2023 ఆగస్టులో 1.21తో ప్రామాణికం చేశారు. అదే వెర్షన్ మిన్, మ్యాక్స్, క్లియర్ అన్న అంతర్నిర్మిత ఫంక్షన్లనూ తెచ్చింది. 2024 ఆగస్టులో 1.23 ఇటరేటర్లను చేర్చింది. అంతకుముందు వరసగా విలువలు ఇచ్చే పనికి ఒక్కో ప్యాకేజీ ఒక్కో రూపం తొడిగింది: బఫియో స్కానర్‌ది ఒక తీరు, డేటాబేస్ వరసలది మరో తీరు, సింక్ ప్యాకేజీలోని మ్యాప్‌ది ఇంకో తీరు. ఇప్పుడు ఈల్డ్ అన్న ఫంక్షన్‌ను పారామీటర్‌గా తీసుకునే ఏ ఫంక్షన్ మీదైనా మామూలు ఫర్ రేంజ్ లూప్ నడుస్తుంది. దీని ప్రయోజనం చిన్న పనిలోనే తెలుస్తుంది. మ్యాప్‌లోని కీలను వరస క్రమంలో పెట్టాలంటే ఇదివరకు ఖాళీ స్లైస్ తెరిచి, లూప్‌లో ఒక్కో కీని చేర్చి, సార్ట్ ఫంక్షన్‌ను పిలిచేవారు. ఇప్పుడు మ్యాప్స్‌లోని కీస్ ఇచ్చే ఇటరేటర్‌ను స్లైసెస్‌లోని సార్టెడ్‌కు అందిస్తే ఒక్క వరసలో తీరిపోతుంది. సొంతంగా ఇటరేటర్ రాసేటప్పుడు ఒక నియమం మరవకూడదు: ఈల్డ్ ఫాల్స్ అని జవాబిస్తే, అంటే లూప్‌ను మధ్యలో ఆపేస్తే, వెంటనే వెనుదిరగాలి. అయినా ఈల్డ్‌ను మళ్లీ పిలిస్తే రన్‌టైమ్ ప్రోగ్రామును పానిక్‌తో ఆపేస్తుంది.

లైబ్రరీ, పనిముట్లు, రన్‌టైమ్

ఇదే క్రమం మిగతా చోట్లా కనిపిస్తుంది. లాగ్‌లను పేరు, విలువ జంటలుగా రాయడానికి లోగ్రస్, జ్యాప్ వంటి లైబ్రరీలు ఏళ్లపాటు ఆదరణ పొందాక 1.21లో ఎస్‌లాగ్ వచ్చింది. హెచ్‌టీటీపీ మెథడ్‌ను, చిరునామాలో మారే భాగాన్ని బట్టి అభ్యర్థనలను దారి మళ్లించడానికి గొరిల్లా వంటి రూటర్లే దిక్కయ్యాక, 2024 ఫిబ్రవరిలో 1.22 ఆ పనిని ప్రామాణిక రూటర్‌కే నేర్పింది. ప్రాజెక్టుకు కావలసిన పనిముట్ల వెర్షన్లను నిలబెట్టడానికి ఉత్తుత్తి ఇంపోర్టులతో ఒక ఫైలు రాసుకునే ఉపాయం ప్రచారంలో ఉండేది. 2025 ఫిబ్రవరిలో 1.24 అందుకు గో.మాడ్‌లోనే టూల్ అన్న వరస ఇచ్చింది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేవారికి దీన్నుంచి వచ్చే సలహా సూటిగా ఉంటుంది: ముందు ప్రామాణిక లైబ్రరీని చూడండి, ఒకప్పుడు బయటినుంచి తెచ్చుకున్న సామగ్రిలో కొంత ఇప్పుడు అందులోనే ఉంది.

రన్‌టైమ్‌లో దీనికి మంచి నిదర్శనం కంటైనర్ల సంగతి. 32 కోర్లున్న యంత్రంలో ఒక కంటైనర్‌కు 2 కోర్ల పరిమితి పెట్టారనుకుందాం. గో రన్‌టైమ్ యంత్రాన్ని చూసి 32 థ్రెడ్లను ఒకేసారి నడపబోయేది. లినక్స్ కెర్నెల్ కోటా దాటిన వెంటనే ప్రోగ్రామును కాసేపు ఆపేసేది. ఫలితంగా కొన్ని అభ్యర్థనలకు కారణం తెలియని జాప్యం జరిగేది. ఉబర్ ఇంజినీర్లు రాసిన ఆటోమ్యాక్స్‌ప్రాక్స్ లైబ్రరీ ఈ లోటును తీర్చింది, గో 1.25 ఆ తెలివిని రన్‌టైమ్‌లోకే తీసుకుంది, పరిమితి మధ్యలో మారినా గమనిస్తుంది. అలాగే మెమరీకి మెత్తని పరిమితి విధించే ఏర్పాటు 1.19లో వచ్చింది. నడుస్తున్న సర్వర్ నుంచి తీసిన ప్రొఫైల్‌ను మెయిన్ ప్యాకేజీ పక్కన ఉంచితే కంపైలర్ దాన్ని చూసి కోడ్‌ను మెరుగుపరిచే సౌకర్యం 1.21లో స్థిరపడింది, 1.22 నాటికి దానివల్ల 2 నుంచి 14 శాతం వేగం పెరుగుతోందని గో బృందం లెక్కగట్టింది. ఇవన్నీ సోర్స్ కోడ్‌ను తాకకుండా అందే లాభాలు. హామీ ఉన్న భాషలో వెర్షన్ మార్చడానికి జంకు అక్కర్లేదు కాబట్టే ఈ లాభాలు ఎక్కువమందికి చేరతాయి.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ పద్ధతి వల్ల బయటి లైబ్రరీలు రాసినవారి శ్రమ వృథా అవుతుందన్నది ఒక అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. డిపెండెన్సీల నిర్వహణకు వాలంటీర్లు కట్టిన డెప్ అన్న పనిముట్టే అధికారికం అవుతుందని చాలామంది నమ్మారు. 2018లో రస్ కాక్స్ వేరే నమూనాను ముందుకు తెచ్చారు, అదే గో 1.11లో మాడ్యూళ్లుగా వచ్చింది. ఆ నిర్ణయం జరిగిన తీరు చాలామందిని నొప్పించింది. సాంకేతికంగా మాడ్యూళ్లు మెరుగైనవే కావచ్చు. లూప్ వేరియబుల్ మార్పు వాటి మీదే నిలబడింది. కానీ వాడుకను గౌరవించే పద్ధతి, ఆ వాడుకను నిర్మించినవారిని కూడా సంప్రదిస్తూ సాగాలి. పద్ధతి సరైనదైనా దాన్ని నడిపినవారు ఇక్కడ తడబడ్డారనడం న్యాయం.

చిన్నదిగా ఉండాల్సిన భాష జెనెరిక్స్, ఇటరేటర్లతో బరువెక్కిపోతోందన్నది మరో అభ్యంతరం. ఇటరేటర్ ఫంక్షన్ సంతకం మొదటిసారి చూసినవారికి కొరుకుడు పడదన్నది నిజమే. అయితే బరువును కొలవాల్సింది రాసేవారి వైపు నుంచి మాత్రమే కాదు. ఇటరేటర్‌ను రాసేవారు కొద్దిమంది, దాన్ని లూప్‌లో వాడేవారు అనేకులు. ఆ అనేకులకు గుర్తుంచుకోవాల్సిన రూపాలు తగ్గాయి. ఎర్రర్ పరీక్షల సంగతి దీనికి భిన్నం. ప్రతి పిలుపు తర్వాత మూడు వరసల పరీక్ష రాయాల్సి రావడం మీద విసుగు ఏటేటా సర్వేల్లో కనబడుతూనే ఉంది. 2018లో చెక్, హ్యాండిల్ అన్న జంట, 2019లో ట్రై అన్న ఫంక్షన్, 2024లో ప్రశ్నార్థకం గుర్తు ప్రతిపాదించారు, ఏదీ నిలవలేదు. ఇకపై కొంతకాలం ఎర్రర్లకు కొత్త వ్యాకరణం ఆలోచించబోమని 2025 జూన్‌లో రాబర్ట్ గ్రీస్మర్ ప్రకటించారు. ఇది చేతులెత్తేయడంలా కనిపించవచ్చు. కానీ మిగతా సదుపాయాలకూ దీనికీ తేడా స్పష్టం: వాటికి వాడుకలో ఏకాభిప్రాయం ముందే కుదిరింది, దీనికి ఎన్నడూ కుదరలేదు. ఏకాభిప్రాయం లేని చోట చేర్చితే సగంమంది ఒక తీరుగా, సగంమంది మరో తీరుగా రాస్తారు. ఒకరి కోడ్‌ను మరొకరు తడుముకోకుండా చదవగలగడమే గోకు ఉన్న ఆస్తి. దాన్ని పణంగా పెట్టకపోవడం సబబే.

శూన్య పాయింటర్ల వల్ల ప్రోగ్రాములు కూలడం, రెండు గోరూటీన్లు ఒకే విలువను ఒకేసారి మార్చే డేటా రేస్‌లను కంపైలర్ పట్టుకోలేకపోవడం గోకున్న నికరమైన లోపాలు. రస్ట్ భాష ఈ విషయంలో ముందుంది. గో 1.1 నుంచి ఉన్న రేస్ డిటెక్టర్‌తో టెస్టులు నడపడం తప్పనిసరి అలవాటుగా చేసుకోవాలి. అయినా అది నడిచిన దారుల్లోని తప్పులనే చూపగలదు. ఈ లోపాలను వాడుక నేర్పే పాఠాలతో పూర్తిగా దిద్దలేం, ఎందుకంటే వాటి వేళ్లు 2012లో స్థిరపడిన రకాల వ్యవస్థలోనే ఉన్నాయి. అక్కడ హామీ కంచెగా మారుతుంది. ఆ కంచె అవతల ఉన్న అవసరానికి వేరే భాషను ఎంచుకోవడమే తగిన పని.

తెలుగు పాఠ్యం, ఈ పద్ధతికి అందని చోటు

గో రూపకర్తల్లో ఇద్దరు, కెన్ థాంప్సన్, రాబ్ పైక్, 1992లో యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను రూపొందించినవారే. గో సోర్స్ కోడ్ యూటీఎఫ్-8లోనే ఉండాలి కనుక తెలుగు పాఠ్యాన్ని స్ట్రింగ్‌లో నేరుగా రాయవచ్చు. కానీ స్ట్రింగ్ అంటే బైట్ల వరస అని మరవకూడదు. "తెలుగు" అన్న స్ట్రింగ్ పొడవు అడిగితే 18 అని వస్తుంది. రేంజ్ లూప్ నడిపితే, యూనికోడ్ సంకేతానికొకటి చొప్పున, ఆరు రూన్‌లు వస్తాయి: త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం, ఒక్కోటి మూడు బైట్లు. కంటికి కనిపించే అక్షరాలు మూడే. "స్త్రీ" అన్న స్ట్రింగ్‌కు కూడా 18 బైట్లు, ఆరు రూన్‌లే, కానీ కనిపించేది ఒక్క అక్షరం. పేరుకు 10 బైట్ల హద్దు పెట్టి "తెలుగు"ను కోస్తే నాలుగో రూన్ మధ్యలో తెగి, తెర మీద చెల్లని గుర్తు ప్రత్యక్షమవుతుంది. రూన్‌ల హద్దులో కోసినా గుణింతం విడిపోవచ్చు. అక్షరాల హద్దులను గుర్తించే సదుపాయం ప్రామాణిక లైబ్రరీలో లేదు. అందుకు బయటి లైబ్రరీని ఆశ్రయించాలి. తెలుగు వినియోగదారుల కోసం సేవలు రాసేవారు కోయడం, లెక్కించడం, వెనక్కి తిప్పడం వంటి పనులన్నింటినీ అక్షరాల హద్దుల్లోనే చేయాలి.

వేరియబుల్ పేర్ల దగ్గర పరిస్థితి ఇంకా ఇరుకు. గో నియమం ప్రకారం పేరులో యూనికోడ్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. కలిసి వచ్చే గుర్తులకు చోటు లేదు. "కథ" అన్న పేరు చెల్లుతుంది, "పడవ" చెల్లుతుంది. "కవి" చెల్లదు, ఎందుకంటే గుడి విడి గుర్తు. "పదం" కూడా చెల్లదు, సున్నా గుర్తు కనుక. అంటే గుణింతం, ఒత్తు, సున్నా లేని మాటలతోనే తెలుగు పేర్లు పెట్టుకోవాలి. చెల్లిన పేరునైనా ప్యాకేజీ బయటివారు వాడుకునేలా చేయలేం. బయటికి ఇచ్చే పేరు పెద్ద బడి అక్షరంతో మొదలుకావాలి, తెలుగు లిపిలో ఆ తేడాయే లేదు. ఈ లోపం రూపకర్తలకు తెలుసు. భాష గురించి వారు ప్రచురించిన ప్రశ్నోత్తరాల్లోనే ఇది ఉంది. అయినా ఇన్నేళ్లలో మారలేదు.

ఈ లోపం నేరుగా ఆ మూలసూత్రం నుంచే వస్తోంది. వాడుక తగినంత పోగయ్యాకే వ్యాకరణం మారాలన్న పద్ధతిలో, వ్యాకరణమే అడ్డుకున్న వాడుక ఎన్నటికీ పోగుకాదు. లూప్ వేరియబుల్ తప్పుకు వేల ప్రాజెక్టుల్లో ఆనవాళ్లు దొరికాయి. తెలుగులోనో హిందీలోనో పేర్లు పెట్టి ప్రోగ్రాములు రాయాలనుకున్నవారు కంపైలర్ మొదటి వరస దగ్గరే ఆపేయడంతో ఏ ఆనవాలూ మిగల్చలేదు. వృత్తిలో ఉన్నవారికి ఇంగ్లీషు పేర్లు చాలనే జవాబు వినిపిస్తుంది. పెద్ద బృందాల్లో అది నిజమే కావచ్చు. కానీ సొంత భాషలో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టే విద్యార్థికి అది జవాబు కాదు, ఆ విద్యార్థి గొంతు ఏ సర్వేలోనూ వినబడదు.

కాబట్టి గో పద్ధతిని సమర్థిస్తూనే దానికి ఒక సవరణ కోరడం సమంజసం. ఇప్పటికే వాడుతున్నవారి కష్టాలను తీర్చడంలో వాడుకను అనుసరించే ఓపిక గోకు స్థిరత్వాన్ని, నమ్మకాన్ని, చదవడానికి తేలికైన కోడ్‌ను ఇచ్చింది. ఆ ఓపికను వదులుకోవాల్సిన అవసరం లేదు. కానీ వాడుకలోకి రావడానికే వీల్లేనివారి విషయంలో ఆనవాళ్ల కోసం కాచుకోవడం అంటే వారిని శాశ్వతంగా బయట ఉంచడమే. అక్కడ రూపకర్తలే ముందడుగు వేయాలి. కలిసి వచ్చే గుర్తులను పేర్లలో అనుమతించడం ఏ పాత ప్రోగ్రామునూ చెడగొట్టదు, గో.మాడ్‌లోని వెర్షన్ వరస ఆ మార్పును కూడా క్షేమంగా మోయగలదు. లూప్ వేరియబుల్‌కు పనికొచ్చిన సాధనమే గుణింతాలకూ పనికొస్తుంది.